ఇంజను వెనక ఇల్లు

కార్తీక బహుళ పంచమి, గురువారం, పొద్దున్న ఏడుంపావు. మా అమ్మ, నా తమ్ముణ్ణి చంకనేసుకుని, నన్ను రెక్క పట్టుకుని, టెక్కలి ఊరి చివర ఆగి ఉన్న రోడ్డింజను వెనకాల బండి ఎక్కింది. సంవత్సరం రాయను. నా వయసు లెక్కకట్టి తల ఆడించేవాళ్లకు ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు.

మొన్న బంధువుల పెళ్లికి వెళ్తే, భోజనాల దగ్గర వరసకు కోడలయ్యే ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. "పాపం అత్తా, చిన్నప్పుడు మీరు రోడ్డు పక్కన బండిలో ఉండీవోరట కదా, సలికి వణికిపోయి! మా మావగారు సెప్పీవోరు" అంది. ఆవిడ మామగారంటే మా పెదనాన్న కొడుకు. పక్క విస్తరి ముందు కూచున్నావిడ అయ్యో అని నిట్టూర్చింది. నేను పెరుగన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "పాపం ఏమీ లేదు. సంగతి తెలియకపోతే అడుగు, చెప్తాను" అన్నాను. అడగలేదు. అందుకని రాస్తున్నాను.

మా నాన్న రోడ్డింజను డ్రైవరు. బొగ్గుతో నడిచే ఆవిరి ఇంజను అది. ముందు ఒక పెద్ద ఇనుప దిమ్మె, వెనక మనిషెత్తు చక్రాలు రెండు, మధ్యన పొగగొట్టం. కంకర పరిచి, గ్రావెల్ చల్లి, నీళ్లు పోస్తే, దాన్ని ముందుకీ వెనక్కీ నడిపి రోడ్డును అణచాలి. మనిషి నడక కన్నా నిదానం. పని ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి కనక, డ్రైవరుకీ బొగ్గు ఎగదోసే ఫైర్‌మాన్‌కీ పడుకోడానికి ఇంజను వెనక ఒక బండి తగిలించి ఉండేది. ఇనుప చక్రాల మీద చెక్క గది. పొడుగు పదడుగులు, వెడల్పు ఆరు. రెండు పక్కబల్లలు, ఒక కిటికీ, రేకు కప్పు, దిగడానికి మూడు మెట్లు. సర్కారు రూలు ప్రకారం అందులో ఇద్దరు పనివాళ్లు ఉండాలి. ఆడవాళ్లూ పిల్లలూ ఉండకూడదు.

అంతవరకూ మేం టెక్కలిలో పెదనాన్న ఇంట్లో ఉండేవాళ్లం. తాతగారు పోయాక ఇంటికి పెద్ద ఆయనే. భూములున్న కుటుంబం. అందులో పుట్టినవాడు మసి పూసుకుని ఇంజను నడపడం ఆయనకు తలవంపు. నాన్న రెండు నెలలకోసారి వచ్చేవాడు. ఒంటి మీద బొగ్గు వాసన, కందెన వాసన. నాకు నాన్న వాసనంటే అదే.

ఆ కార్తీకంలో, చవితినాడు, పెదనాన్న కూతుర్ని చూసుకోడానికి సోంపేట నుంచి పెళ్లివారు వచ్చారు. నాన్న కూడా సరిగ్గా ఆ పూటే వచ్చాడు. పెళ్లివారికి లోపల పీటలు వేశారు. నాన్నకు వీధరుగు మీద ఆకు వేశారు. కుంకుడు రసంతో ఎంత తోమినా నలుపు వదలని ఆ వేళ్లు వాళ్ల కంట పడకూడదని. నాన్న అరుగు మీద మఠం వేసుకుని ముద్దపప్పు కలుపుకున్నాడు. అమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని ముందు వీధిలోకి వెళ్లి నాన్నకు వడ్డించింది. తర్వాతే లోపలివాళ్లకు వడ్డించింది. తను తినలేదు. తెల్లారి మూట కట్టింది.

అప్పట్లో తమ్ముడి భార్య బావగారితో ఎదురుపడి మాట్లాడకూడదు. తలుపు చాటున నిలబడాలి, మధ్యలో ఒక పిల్లనో పిల్లాణ్ణో పెట్టుకోవాలి. మా ఇంట్లో ఆ పిల్లను నేను. ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినబడుతూనే ఉంటాయి. నేను నోరు విప్పనక్కర్లేదు, ఊరికే మధ్యలో నిలబడితే చాలు.

"మీ పెదనాన్నకి సెప్పవే. మేం మీ నాన్నతో ఎల్తన్నాం" అంది అమ్మ, తలుపు వెనక నుంచి.

పెదనాన్న నన్నే చూస్తూ అన్నాడు: "మీయమ్మకి సెప్పు. అది ఇల్లు కాదు, డబ్బా. పుష్యం సలికి ఆ రేకు కింద గుంటలు కొయ్యబారిపోతారు. శివరాత్రి దాకా ఉండమను సూద్దాం. నెల తిరక్కుండా తనే వచ్చి ఈ గుమ్మం కొడతాది." గుంటలంటే మా వైపు పిల్లలు.

"ఆయన అరుగు మీద తిన్న ఇంట్లో నాను నట్టింట్లో తిననని సెప్పు. గుమ్మం కొట్టనని సెప్పు. శివరాత్రి ఎల్లినాక బావగారినే వచ్చి సూసుకోమను."

ఆ చలికాలమంతా మాకున్న పని అదొక్కటే. శివరాత్రి వెళ్లేదాకా ఆ గుమ్మం కొట్టకుండా ఉండడం.

ఫైర్‌మాన్‌ని మేం తాత అనేవాళ్లం. మమ్మల్ని చూడగానే తన గోనెపట్టా చుట్టుకుని బండిలోంచి దిగిపోయాడు. అమ్మ వద్దంటే, "బాయిలేరు కిందున్న ఎచ్చన జమీందారు మేడలో నేదమ్మా. నాను సుకపడిపోతన్నాను, నీకు తెల్దు" అన్నాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. రాత్రికి నిప్పు అణచి మూసినా తెల్లారేసరికి బాయిలరు వెచ్చగానే ఉండేది. పొద్దున్నే గొట్టం తిప్పితే ఇనుము వాసన వేసే వేడినీళ్లు. టెక్కలిలో నీళ్లకాగు దగ్గర మా వంతు ఆఖరు, అప్పటికి అడుగున గోరువెచ్చని తేట మిగిలేది. ఇక్కడ ఇంజనంత కాగు మాది. సాయంత్రం తాత నిప్పుగూట్లోంచి బూడిద లాగేవాడు. అందులో తేగలు, చిలగడదుంపలు కప్పెట్టేవాళ్లం. ఇసకలో దాచిన పనసపిక్కలు ఎవరైనా ఇస్తే అవీను. పిక్క కాలి పైపొర చిట్లినప్పుడు వచ్చే వాసన ఇప్పుడెక్కడా రాదు, నేను ప్రయత్నించాను. గ్యాసు పొయ్యి మీద రాదు. పొద్దున్న రాగులతో చోడి అంబలి, అందులో ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, ఏదో ఆకుకూర. కూర లేని రోజున నాన్న, "ఈ పూట గాలి కూర" అనేవాడు. ఆ రోజే ఎక్కువ తినేవాళ్లం.

పలాస దాటి సముద్రం వైపు రోడ్డు పని. రెండు పక్కలా జీడితోటలు, కొబ్బరితోటలు. మంచు పడితే ఇంజను మీది నాన్న బండిలోకి కనబడేవాడు కాదు. ఈలపాట ఒకటే వినబడేది. ఫర్లాంగు రాళ్ల మీద నన్ను కూచోబెట్టి ఎక్కాలు చెప్పించేవాడు. ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలు కనక ముందుగా ఎనిమిదో ఎక్కం వచ్చింది, తర్వాత రెండోది. ఊళ్ల పిల్లలు ఇంజను వెంట పడేవాళ్లు. కొబ్బరిచిప్ప ఇంజను కింద పెట్టి పిండి చేయించుకోవాలంటే నన్ను అడగాలి. నేను ఊరికే ఒప్పుకునేదాన్ని కాదు. ఒక్కొక్కళ్లకీ వరస పెట్టేదాన్ని. టెక్కలి ఇంట్లో నన్ను ఎవరూ ఏదీ అడిగి ఎరగరు.

రోడ్డు పని తనిఖీ చేసే ఓవర్సీరు సైకిలు మీద వచ్చేవాడు. దూరంగా కనబడగానే తాత ఇంజను కూత రెండుసార్లు పొట్టిగా వేసేవాడు. నేనూ తమ్ముడూ జీడితోటలోకి పరుగు. అమ్మ మాత్రం పరిగెత్తేది కాదు. కంకర మోసే ఆడవాళ్లలో కలిసి నిలబడేది. ఒకసారి ఓవర్సీరు అక్కడే తిష్ట వేశాడు.

"ఏమ్మా, నిన్నే, దిష్టిబొమ్మలా నిలబడ్డావేం? తట్ట ఎత్తు" అన్నాడు.

అమ్మ తట్ట ఎత్తింది. ఆయన కదిలేదాకా, అంటే ఎండ నడినెత్తికి వచ్చేదాకా, కంకర మోసింది. ఆయన వెళ్లాక నడుం పట్టుకుని నవ్వుతూ కూలబడి, "ఈ రోడ్డులో నా ముక్క కూడా ఉన్నాది" అంది.

మార్గశిరం చివరికి చలి ముదిరింది. పగలు సముద్రపు గాలి, రాత్రి మహేంద్రగిరి వైపు నుంచి కొండగాలి. బండి చెక్కలు ఎండకు ఎండి సందులు పడ్డాయి. లోపల మా ఊపిరే రేకుకు తగిలి నీళ్లై మళ్లీ మా మీద కారేది. తమ్ముడికి దగ్గు పట్టుకుంది. దగ్గుతూ దగ్గుతూ ఊపిరి అందక నీలంగా అయిపోయి, అప్పుడు కూతలాంటి చప్పుడుతో గాలి పీల్చేవాడు. వాడికి మూడేళ్లు.

అమావాస్యనాడు పెదనాన్న గూడుబండిలో వచ్చాడు. అమ్మ బండి తలుపు సగం వేసి వెనక నిలబడింది. నేను మెట్ల మీద, మామూలుగానే, మధ్యలో.

"మీయమ్మకి సెప్పు. రేపట్నించి పుష్యం. శూన్యమాసం. ఈ నెల్లో ఇల్లు మారకూడదు. మీ డబ్బా రోజూ మారతాది. గుంటలకి అరిష్టం. ఇంటికి రమ్మను."

"మీ పెదనాన్నకి సెప్పు. ఇల్లు మారనేదు. ఇల్లు అదే, ఊర్లే మారతన్నాయి. ఊరు మారకూడదని ఏ పంచాంగంలో ఉన్నాదో సూపించమను."

ఇంజను మీద కూచున్న తాత నవ్వు దాచుకోడానికి దగ్గాడు. లోపల తమ్ముడు కూడా దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. పెదనాన్న వింటూ నిలబడ్డాడు. గొంతు తగ్గించి, "ఆ కూత మీయమ్మకి ఇనబడతన్నాదా అడుగు" అన్నాడు.

అమ్మ తలుపు పూర్తిగా వేసేసింది. ఆ ఒక్కసారీ.

ఆయన వెళ్లాక అమ్మ కొంగు బిగించి అక్కుపల్లి పేటకు వెళ్లింది. అక్కడ సముద్రం మీద వేటకు పోయేవాళ్ల ఇళ్లలో ఒకావిడ మాకు ఎండుచేపలు తెచ్చి ఇచ్చేది. ఆవిడ వచ్చి బండి చుట్టూ తిరిగి, సందుల్లో వేలు పెట్టి చూసింది.

"ఏటమ్మా, పడవలోకి సముద్రం రాకండా సేత్తన్నోలం, ఇంట్లోకి గాలి రాకండా సెయ్యనేమా?" అంది.

ఇద్దరూ రెండు రోజులు కూచుని సందులన్నిట్లో కొబ్బరిపీచు కూరారు. దాని మీద జీడినూనె పూశారు. తినే నూనె కాదు. జీడిపిక్క తొక్కలోంచి తీసే నల్లటి నూనె, చెక్క నీళ్లకు చివకకుండా పడవలకు పూస్తారు. చేతికి అంటితే పొక్కుతుంది. అమ్మ అరచేతులు నల్లబడి, తోలు పాము కుబుసంలా ఊడింది. నాన్న ఆ చేతులు చూసి ఒక మాట అన్నాడు: "ఇప్పుడు మనిద్దరం ఒకే కులం." అమ్మ చాలాసేపు నవ్వింది. ఆ రాత్రి గాలి లోపలికి రాలేదు. రేకు చప్పుడు తప్ప ఏమీ లేదు.

పుష్య శుద్ధ నవమి నాటికి ముసురు పట్టి మూడు రోజులైంది. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కూడా దీపాల వేళలా ఉంది. తమ్ముడు వణుకుతున్నాడు. కట్టెలు తడిశాయి. ఇంజను బొగ్గు సర్కారు తూచి ఇచ్చేది, నాన్న ఒక్క పెళ్ల కూడా ఇంటికి ముట్టుకోనిచ్చేవాడు కాదు. మిగిలినవి పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు పొయ్యిలోకని ఇచ్చిన తొక్కలు, అరబస్తా. వాటిలో నూనె ఉంటుంది కనక తడిసినా మండుతాయి. రోజూ వాటిని అమ్మ బయట, మూడు రాళ్ల పొయ్యిలో వేసేది. ఆ రోజు వానకు కుంపటి లోపల పెట్టింది.

జీడితొక్క ఊరికే కాలదు. చిటపటలాడి, కాలుతున్న నూనె చిమ్ముతుంది. ఆ సంగతి పలాసలో చిన్నపిల్లలకు తెలుసు. నూనె పూసిన చెక్క దగ్గరికి నిప్పు తేకూడదని పడవలవాళ్లకు తెలుసు. రెండు సంగతులూ తెలిసిన వాళ్లం మేం, రెంటినీ ఒకే గదిలో పెట్టాం.

ఒక చుక్క ఎగిరి గోడ మీద పడింది. మంట పైకి లేవలేదు. ముందు సందు వెంబడి గీత గీసినట్టు పాకింది. ఒక సందు, దాని పక్క సందు, ఆ పైది. గది చుట్టూ ఎర్రటి గీతలు. నేను అందంగా ఉందని చూస్తున్నాను. అమ్మ నన్ను ఒక్క తోపు తోసింది. మెట్ల మీంచి బురదలో పడ్డాను. వెనకే తను, తమ్ముణ్ణి ఒళ్లో చుట్టుకుని.

నాన్న పరుగున వచ్చి మమ్మల్ని ముగ్గుర్నీ చూసి, లెక్క సరిపోయాక, బండిని ఇంజనుకు తగిలించిన కొంకీలోంచి మేకు లాగి ఇంజనును ముందుకు తోలాడు. ఇంజను మీద బొగ్గుంది, దానికి అంటుకుంటే ఇక ఆగదు. మంట చూసి పరిగెత్తుకొచ్చిన చేపలావిడ తడి ఇసక పోస్తూ అరిచింది: "ఓర్నాయనో, ఇల్లు కాలిపోతంటే ఇంజను తోలుకుపోతన్నావేటయ్యా!"

"పోనీ అప్పా. ఇంజనుంటే ఇల్లు మళ్లీ వత్తాది" అంది అమ్మ ఆవిడతో.

ఇసకకు మంట ఆగింది. చక్రాలూ, ఇనుప చట్రమూ, నేలబల్లల్లో సగమూ మిగిలాయి. ఆ రాత్రి అందరం బాయిలరు కింద పడుకున్నాం. తాత నిజం చెప్పాడు, అక్కడ వెచ్చగానే ఉంది.

కబురు ఎలా వెళ్లిందో, మర్నాడు బారెడు పొద్దెక్కేసరికి పెదనాన్న బండి వచ్చింది. ఖాళీ బండి. లోపల గడ్డి పరిచి, రెండు గొంగళ్లు వేసి ఉన్నాయి. ఆయన చెడ్డవాడని నేను రాయడం లేదు. గొంగళ్లు తెచ్చాడు. కాలిన చట్రం చూసి ఆయన కళ్లు తడి అయ్యాయి, నేను చూశాను. అయినా దిగీ దిగగానే నా వైపే తిరిగాడు.

"మీయమ్మకి సెప్పు. అయిపోనాది గదా. బండెక్కమను."

అమ్మ అలవాటు కొద్దీ వెనక్కి అడుగేసింది. చాటున నిలబడడానికి తలుపు లేదు. తలుపు ఉండాల్సిన చోట వాన నీళ్లు పొగలు కక్కుతున్నాయి. ఒక క్షణం ఆ చోటే చూసింది. తర్వాత పైట సర్దుకుని, నన్ను పక్కకు జరిపి, ఆయన ఎదటికి వచ్చి నిలబడింది. మా వంశంలో అలా నిలబడ్డ మొదటి కోడలు ఆవిడే.

"బావగారూ, గొంగళ్లు ఇచ్చెల్లండి. గుంటడికి కావాల. బండి మాత్రం ఒట్టిదే తోలుకెల్లండి."

పెదనాన్న ఎవరితో చెప్పాలో తెలియక మధ్యలో నా కోసం చూశాడు. నేను అక్కడ లేను, పక్కకు జరిగిపోయాను. చివరికి నాన్న వైపు తిరిగాడు. "ఉంటాకి ఇల్లేదిరా ఇంక? నువ్వైనా సెప్పవేటి?"

"సెక్రాలున్నాయి గదన్నా" అన్నాడు నాన్న. "అదే ఇల్లు."

ఆయన గొంగళ్లు తీసి, నాకు కాదు, అమ్మ చేతికే ఇచ్చాడు. ఎద్దుల్ని తిప్పించుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఓవర్సీరు వచ్చాడు. ఇక దాక్కోడానికి ఏమీ మిగల్లేదు. నాన్న చేతులు కట్టుకుని నిలబడితే అమ్మ ముందుకు వచ్చింది. "నిప్పెట్టింది నాను. ఆయన ఇంజను మీదున్నారు. రాసుకుంటే నా పేరు రాసుకోండి."

ఓవర్సీరు అమ్మను ఎగాదిగా చూశాడు. తట్ట మోసిన మనిషని గుర్తుపట్టాడనుకుంటాను. "నీ పేరెలా రాయనమ్మా? రూలు ప్రకారం నువ్విక్కడ లేవు" అన్నాడు. నాన్నకు పైనుంచి గట్టి హెచ్చరిక వచ్చింది. ఉద్యోగం పోలేదు.

కొబ్బరితోటల ఆడవాళ్లు కమ్మలు తెచ్చి తడికలు అల్లారు. చట్రం మీద నాలుగు తడికలు నిలబెట్టి, పైన కమ్మలు కప్పారు. కాలి వంకరపోయిన రేకు పారేశాం కనక ఊపిరి నీళ్లై కారడం మానేసింది. గాలి మాత్రం ఇటు దూరి అటు పోయేది. ఆ నెలన్నర చలి గురించి నేనేమీ తగ్గించి చెప్పను. తెల్లవారుజామున తమ్ముడి పాదాలు నాన్న తన పొట్ట మీద పెట్టుకుని పడుకునేవాడు. నా పాదాలు అమ్మ. మాఘం సగానికి తమ్ముడి దగ్గులోంచి కూత పోయింది, ఇంకో వారానికి దగ్గు పోయింది.

శివరాత్రికి రోడ్డు సముద్రపు ఇసకను తాకింది. ఆ మర్నాడు నాన్నకు అరుగు మీద కాదు, తడికల లోపల, మధ్యన, పీట వేసి అమ్మ ఆకు వేసింది. నల్లటి చేతులతోనే తిన్నాడు. టెక్కలి నుంచి చూసుకోడానికి ఎవరూ రాలేదు. వస్తారేమోనని అమ్మ రెండు మూడుసార్లు రోడ్డు వైపు చూడడం నేను చూశాను. తర్వాత అంట్లు తోమేసింది.

ఆ తర్వాత కొత్త బండి వచ్చింది. కవిటి వైపు, సంతబొమ్మాళి వైపు, ఎన్నో రోడ్లు. నాకు పదమూడు నిండాక కాశీబుగ్గలో అద్దె ఇంట్లో దిగాం. కదలని ఇంట్లో మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. పెళ్లిలో నా చెయ్యి పట్టుకున్న కోడలికి ఈ మాట కూడా చెప్పాలి: మా అమ్మ ఎనభై దాటి బతికింది, ఆ చలికాలం గురించి ఏనాడూ నిట్టూర్చలేదు. ఆవిడ నిట్టూర్చనిదానికి మీరు నిట్టూర్చకండి.

లెక్క అడిగితే ఇది.

నిప్పుకు పోయినవి: పక్కబల్లలు రెండు, బొంత ఒకటి, తిరగలి పిడి, అమ్మ పెళ్లి చీర, నా పలక, బియ్యం కుండ, తలుపు.

ఇంజను చప్పుడుకు పోయింది: నాన్న కుడి చెవి.

పంతానికి పోయినవి: టెక్కలి ఇంట్లో మా వాటా గది, పెదనాన్న కూతురి పెళ్లి భోజనం, ఆయన ఆఖరి చూపు.

కాలానికి పోయినవి: ఇంజను, కొత్త బండి, తాత, చేపలావిడ, నాన్న, అమ్మ, పోయినేడాది తమ్ముడు, డెబ్బై దాటి, నిద్రలో.

చలికి పోయినవి: లేవు.